గంతకు తగ్గ బొంత: మీ స్పీకర్లకు ఏ స్టీరియో యాంప్ సరిపోతుంది?

కొత్త స్పీకర్లు ఇంటికి రాగానే అందరూ అడిగే మొదటి మాట "దీనికి ఎన్ని వాట్ల యాంప్ కావాలి?" అని. యాంప్ అంటే పాట సిగ్నల్‌ను స్పీకర్లు నడిపేంత బలంగా చేసే యాంప్లిఫయర్. నేనూ అలాగే మొదలుపెట్టాను. అట్టపెట్టె మీద పెద్ద అంకె ఉన్న ఒక హోమ్ థియేటర్ రిసీవర్ తెచ్చి 4 ఓమ్‌ల టవర్ స్పీకర్లకు తగిలించాను (ఓమ్‌ల అంకె తగ్గేకొద్దీ స్పీకర్ ఎక్కువ కరెంటు అడుగుతుంది). మామూలు పాటలకు బాగానే ఉండేది. ఒకరోజు డ్రమ్స్ దండిగా ఉన్న రికార్డింగ్ పెట్టి వాల్యూమ్ కాస్త పెంచానో లేదో, లోపల టక్కుమని రిలే (రక్షణ స్విచ్) చప్పుడు, ఆ తర్వాత నిశ్శబ్దం. ముందువైపు ఎర్ర లైటు. రెండు నిమిషాలాగి ఆన్ చేస్తే మళ్లీ పాడేది, మళ్లీ అదే చోట ఆగిపోయేది. పాడైపోయిందనుకున్నాను. నిజానికి దానికేమీ కాలేదు. మోయలేని బరువు నెత్తిన పెడితే దించేసింది, అంతే. ఆ తర్వాత కొన్న స్టీరియో యాంప్ మీద రాసి ఉన్న వాట్లు రిసీవర్ కంటే తక్కువ. అయినా అవే స్పీకర్లను, అదే గదిలో, అంతకంటే గట్టిగా, ఒళ్లు వేడెక్కకుండా నడిపింది.

అప్పటినుంచి నాకు అర్థమైంది ఒకటే. యాంప్ ఎంపిక యాంప్ దగ్గర మొదలుకాదు, స్పీకర్ దగ్గర మొదలవుతుంది. స్పీకర్ ఎంత కరెంటు అడుగుతుంది, ఎంత పవర్‌కు ఎంత శబ్దం ఇస్తుంది, మీరు ఎంత దూరంలో కూర్చుంటారు అన్న మూడూ తెలిస్తే సగం యాంపులు జాబితాలోంచి వాటంతటవే రాలిపోతాయి. మిగిలినవాటిలో ఏది కొన్నా పెద్దగా పశ్చాత్తాపపడరు.

ముందు స్పీకర్ కాగితం చదవండి

స్పీకర్ స్పెసిఫికేషన్‌లో మొదట చూడాల్సింది సెన్సిటివిటీ. అది డెసిబెల్స్‌లో ఉంటుంది. ఒక మీటరు దూరంలో, నిర్ణీతమైన కొద్దిపాటి సిగ్నల్ ఇస్తే స్పీకర్ ఎంత గట్టిగా పలుకుతుందో చెబుతుంది. ఇళ్లలో వాడే స్పీకర్లు ఎక్కువగా 84 నుంచి 91 మధ్యలో ఉంటాయి. చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కింది వైపు, పెద్ద టవర్లు పై వైపు. ముందు కొమ్ములా విచ్చుకున్న గొట్టం ఉండే హార్న్ స్పీకర్లు ఇంకా పైకి పోతాయి.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది, చాలామంది గమనించరు. కొన్ని కంపెనీలు సెన్సిటివిటీని "ఒక వాట్‌కు" అని, మరికొన్ని "2.83 వోల్టులకు" అని రాస్తాయి. 8 ఓమ్‌ల స్పీకర్‌కు రెండూ ఒకటే, ఎందుకంటే 8 ఓమ్‌లకు 2.83 వోల్టులు ఇస్తే సరిగ్గా ఒక వాట్. అదే 4 ఓమ్‌ల స్పీకర్‌కు ఆ 2.83 వోల్టులు ఇస్తే అది రెండు వాట్లు తాగుతుంది. అంటే 2.83 వోల్టులకు 88 డెసిబెల్స్ అని రాసుకున్న 4 ఓమ్‌ల స్పీకర్, వాట్ లెక్కన చూస్తే 85 మాత్రమే. అబద్ధమేమీ లేదు గానీ, పక్కన 87 అని రాసిన 8 ఓమ్‌ల స్పీకర్ కంటే ఇది మెరుగనుకుంటే మీరు పప్పులో కాలేసినట్టే.

ఇప్పుడు ఒక మోటు లెక్క వేద్దాం. మూడు విషయాలు గుర్తుంటే చాలు. పవర్ రెట్టింపు చేస్తే 3 డెసిబెల్స్ పెరుగుతుంది. పది రెట్లు చేస్తే 10 డెసిబెల్స్ పెరుగుతుంది, అప్పుడు మన చెవికి శబ్దం సుమారు రెట్టింపైనట్టు అనిపిస్తుంది. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పోతుంది, గదిలో గోడలు తిప్పి కొడతాయి కాబట్టి అంత పోదు.

మీ స్పీకర్ 86 డెసిబెల్స్, 8 ఓమ్‌లు అనుకోండి. మూడు మీటర్ల దూరంలో కూర్చున్నారు. గదిలో దూరం వల్ల ఒక 6 తీసేద్దాం, రెండు స్పీకర్లు కలిసి పాడతాయి కాబట్టి 3 కలుపుదాం. ఒక్కో స్పీకర్‌కు ఒక వాట్ ఇస్తే మీ కుర్చీ దగ్గర 83 డెసిబెల్స్. ఇంట్లో హాయిగా వినే స్థాయి సగటున 75 దాకా ఉంటుంది. దానికి కావాల్సింది వాట్‌లో ఆరో వంతు. చదివి నవ్వొచ్చు గానీ నిజం. మనం వింటున్నప్పుడు చాలాసేపు యాంప్ చేసే పని ఇంతే.

మరి వందల వాట్లు ఎందుకు? సంగీతం సగటు మీద నడవదు. మృదంగం మీద గట్టి దెబ్బ, పియానో మీద ఒక్కసారిగా పడిన పది వేళ్లు, ఇవి సగటు కంటే 15 నుంచి 20 డెసిబెల్స్ పైకి లేస్తాయి. 18 అనుకుందాం. 75 సగటుకు శిఖరం 93, అంటే 10 వాట్లు కావాలి. అంతవరకు ఏ యాంపైనా ఇస్తుంది. మీరు 85 సగటుతో గట్టిగా వినేవాళ్లయితే శిఖరం 103. ఇప్పుడు 100 వాట్లు కావాలి. అదే 92 డెసిబెల్స్ స్పీకరైతే ఆ 100 కాస్తా 25 వాట్లకు దిగుతుంది. 83 డెసిబెల్స్ చిన్న స్పీకరైతే 200 దాకా ఎక్కుతుంది. గది అదే, పాట అదే, చెవులూ అవే, కావాల్సిన పవర్ మాత్రం 25 నుంచి 200 దాకా మారింది. "ఎన్ని వాట్లు కావాలి?" అని స్పీకర్ పేరు చెప్పకుండా అడిగితే జవాబు చెప్పలేనిది ఇందుకే.

ఈ తేడా ఎంత దూరం పోతుందో రెండు పాత పేర్లు చెబుతాయి. బీబీసీ 1970లలో తన ప్రసార వ్యాన్ల లాంటి ఇరుకు చోట్ల కోసం రూపొందించిన ఎల్‌ఎస్3/5ఏ అనే బుల్లి స్పీకర్ సెన్సిటివిటీ సుమారు 83. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1946లో తెచ్చిన, గది మూలలో నిలబెట్టే క్లిప్ష్‌హార్న్ 100 దాటుతుంది. మొదటిదానికి 50 వాట్లు ఇస్తే వచ్చే శబ్దం రెండోదానికి ఒక్క వాట్ ఇస్తే వచ్చేస్తుంది. తక్కువ పవర్ ఇచ్చే వాల్వ్ (వాక్యూమ్ ట్యూబ్) యాంపుల ప్రేమికులు హార్న్ స్పీకర్ల చుట్టూ ఎందుకు తిరుగుతారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

పై లెక్క నుంచి ఇంకో మాట. 60 వాట్ల యాంప్ బదులు 80 వాట్లది తీసుకుంటే దక్కేది 1.25 డెసిబెల్స్. పక్కపక్కన పెట్టి వింటేనే గుర్తుపట్టేంత తేడా. అందుకని ఆ 20 వాట్ల కోసం మనసు పాడుచేసుకోకండి.

ఓమ్‌ల దగ్గరే అసలు పేచీ

సెన్సిటివిటీ ఎంత పవర్ కావాలో చెబితే, ఇంపెడెన్స్ (కరెంటుకు స్పీకర్ ఇచ్చే అడ్డు, ఓమ్‌లలో) ఆ పవర్‌ను ఏ రూపంలో ఇవ్వాలో చెబుతుంది. నా రిసీవర్ కూలబడింది ఇక్కడే.

స్పీకర్ వెనక "8 ఓమ్‌లు" అని రాసి ఉంటే అది స్థిరమైన అంకె కాదు, మర్యాదకు రాసిన పేరు. అసలు ఇంపెడెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి కొండలా ఎక్కి లోయలా దిగుతుంది. బాస్‌లో ఒకచోట 30 ఓమ్‌లు, కాస్త పైకి పోతే 5, ఇంకా పైన 15, ఇలా ఉంటుంది. ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ ప్రమాణం ప్రకారం కనిష్ఠం, రాసిన అంకెలో 80 శాతం కంటే తగ్గకూడదు. అంటే 8 అని రాస్తే 6.4 కంటే కిందికి దిగకూడదు. "8 ఓమ్‌లు" అని అమ్మే స్పీకర్లు చాలా 4 దగ్గరకు జారతాయి, అడిగేవాడు లేడు. అందుకే "కనిష్ఠ ఇంపెడెన్స్" అని విడిగా రాశారేమో వెతకండి. కొలతలతో వచ్చే సమీక్షల్లో గ్రాఫ్ దొరికితే ఇంకా మంచిది. ఆ గ్రాఫ్‌లో 100 హెర్ట్జ్ చుట్టుపక్కల చూడండి, ఎందుకంటే సంగీతంలో బరువంతా అక్కడే ఉంటుంది. అక్కడ 3.5 ఓమ్‌లకు పడిపోయే స్పీకర్, 10 కిలోహెర్ట్జ్ దగ్గర అంతే పడిపోయేదాని కంటే యాంప్‌ను ఎక్కువ కష్టపెడుతుంది. గ్రాఫ్‌లో ఫేజ్ గీత (వోల్టేజీకి, కరెంటుకు మధ్య ముందువెనకల తేడా) కూడా ఉంటే, ఇంపెడెన్స్ తక్కువున్న చోటే ఫేజ్ 40, 50 డిగ్రీలు పక్కకు జరిగిందేమో గమనించండి. రెండూ ఒకేచోట కలిస్తే ఆ స్పీకర్ మొండిది.

కరెంటు లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. 8 ఓమ్‌లకు 100 వాట్లు ఇవ్వాలంటే 28 వోల్టులు, మూడున్నర ఆంపియర్లు చాలు. అదే 28 వోల్టులను 4 ఓమ్‌ల ముందు పెడితే ఏడు ఆంపియర్లు కావాలి, పవర్ 200 వాట్లు. ఆదర్శమైన యాంప్ అలా రెట్టింపు ఇస్తుంది. ఇవ్వాలంటే లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, గట్టి పవర్ సప్లై, పెద్ద హీట్‌సింక్ ఉండాలి. అవన్నీ ఖర్చే. అందుకే వాస్తవంలో 8 ఓమ్‌లకు 60, 4 ఓమ్‌లకు 100 అని రాసినవాడు నిజాయితీపరుడు. 8 ఓమ్‌లకు 100 అని గొప్పగా రాసి, 4 ఓమ్‌ల ఊసే ఎత్తనివాడి దగ్గర జాగ్రత్తగా ఉండండి. రెండు యాంపులు పోల్చేటప్పుడు నేను మొట్టమొదట చూసేది ఇదే. 8 ఓమ్‌ల అంకె కాదు, అక్కడి నుంచి 4 ఓమ్‌లకు ఎంత ఎదిగిందన్నది.

దీనికి పెద్ద ఉదాహరణ ఎన్‌ఏడీ 3020. బ్యోర్న్ ఎరిక్ ఎడ్వర్డ్‌సెన్ రూపొందించిన ఈ చిన్న ఇంటిగ్రేటెడ్ యాంప్ (వాల్యూమ్, సాకెట్లు, పవర్ అన్నీ ఒకే డబ్బాలో ఉన్నది) 1978లో వచ్చింది. కాగితం మీద 20 వాట్లే. కానీ తక్కువ ఓమ్‌లు ఎదురైనా బెదరకుండా కరెంటు ఇచ్చేది, పాటలోని క్షణికమైన శిఖరాలకు 20 కంటే చాలా ఎక్కువే అందించేది. కాగితం మీద తనకు రెట్టింపున్న యాంపుల పక్కన నిలబడి గెలిచింది. ఇంకో కొసన అపోజీ సింటిల్లా ఉంది. 1980లలో వచ్చిన ఈ రిబ్బన్ స్పీకర్ (కోన్ బదులు పల్చటి లోహపు పట్టీ కదిలేది) ఇంపెడెన్స్ ఒక ఓమ్. దాన్ని నడపగలిగిన యాంపులు ఆ రోజుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

వాట్ల అంకెలో మోసాలు

పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెత పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్ అంటూ వేసే అంకె) అనే మాటను చూసే పుట్టిందేమో అనిపిస్తుంది. డబ్బా మీద పీఎంపీఓ కనిపిస్తే అది అలంకారమనుకుని వదిలేయండి. కావాల్సింది ఆర్‌ఎంఎస్ లేదా కంటిన్యువస్ పవర్, అంటే యాంప్ నిలకడగా ఇచ్చేది. ఈ గోల ఎంత ముదిరిందంటే, అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఇళ్లలో వాడే యాంపుల పవర్ ఎలా కొలిచి ప్రకటించాలో నిబంధన పెట్టాల్సి వచ్చింది.

ఆర్‌ఎంఎస్ అన్నా అంతటితో నమ్మెయ్యక్కర్లేదు. ఎన్ని చానెళ్లు ఒకేసారి నడుస్తుండగా కొలిచారు? 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకానా, ఒక్క కిలోహెర్ట్జ్ దగ్గరేనా? డిస్టార్షన్ (శబ్దం వక్రించడం) ఎంత? "6 ఓమ్‌లు, ఒక చానెల్, ఒక కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్" అని కింద చిన్న అక్షరాల్లో ఉంటే, పైనున్న పెద్ద అంకెను సగానికి విరగ్గొట్టుకోండి. 10 శాతం అంటే శబ్దం అప్పటికే చిరిగిపోయినట్టు.

అరచేతిలో పట్టే చిన్న క్లాస్ డీ యాంపులకు (ఈ జాతి గురించి కింద చెబుతాను) ఒక సులువైన పరీక్ష ఉంది. దానితో వచ్చే అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు రాసి ఉంటాయి. రెండూ గుణించండి. 32 వోల్టులు, 5 ఆంపియర్లు అయితే 160 వాట్లు. యాంప్ మీద "300 వాట్లు, ఒక్కో చానెల్‌కు" అని ఉన్నా సరే, రెండు చానెళ్లూ కలిసి నిలకడగా 160 కంటే తక్కువే ఇస్తాయి. లోపలికి రానిది బయటికెక్కడిది? వాటిలో ఎక్కువగా వాడే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ టీపీఏ3255 మంచిదే, ఆ 300 కూడా దాని డేటాషీట్ నుంచి వచ్చిందే. కాకపోతే అది 4 ఓమ్‌లకు, 10 శాతం డిస్టార్షన్ దగ్గర, 50 వోల్టుల పైనున్న సప్లైతో వచ్చిన అంకె.

ఏ జాతి యాంప్?

లోపలి భాగాలు పనిచేసే తీరును బట్టి యాంపులను ఏ, ఏబీ, డీ అని క్లాసులుగా విడదీస్తారు. క్లాస్ ఏబీ ట్రాన్సిస్టర్ యాంపే ఇప్పటికీ నా మొదటి ఎంపిక, ముఖ్యంగా మీకు ఈ విషయాల్లో టెన్షన్ వద్దనుకుంటే. దశాబ్దాలుగా నలిగిన డిజైన్. బరువుగా ఉంటుంది, ఓ మాదిరిగా వేడెక్కుతుంది, పాడైతే బాగుచేయొచ్చు. బరువు అన్నాను కాబట్టి చెబుతున్నా, ఒకప్పుడు యాంప్‌ను ఎత్తి చూసి నాణ్యత చెప్పేవారు. ఏబీ యాంపుల వరకు ఆ చిట్కా కొంత పనిచేస్తుంది, ఎందుకంటే ఆ బరువు ట్రాన్స్‌ఫార్మర్‌ది, హీట్‌సింక్‌ది. కానీ ముందు ప్యానెల్‌కు అరంగుళం మందం అల్యూమినియం పలక బిగించినా బరువు పెరుగుతుంది. ఆకారపుష్టి, నైవేద్యనష్టి.

క్లాస్ డీ గురించి పదిహేనేళ్ల కిందటి అభిప్రాయాలు ఇంకా చలామణిలో ఉన్నాయి. "డీ" అంటే డిజిటల్ అనుకోవడం మొదటి పొరపాటు. అది ఏ, బీ, సీ తర్వాత వచ్చిన అక్షరం, అంతే. లోపల ట్రాన్సిస్టర్లు సెకనుకు లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ ఉంటాయి. అవి సగం తెరుచుకుని వేడి పుట్టించే స్థితిలో ఉండవు కాబట్టి సామర్థ్యం 90 శాతం దాకా ఉంటుంది. ఏబీ సిద్ధాంతరీత్యా కూడా 78.5 శాతం దాటలేదు. అందుకే అంత చిన్న డబ్బాలో అంత పవర్.

మంచి క్లాస్ డీకి, చవకదానికి తేడా ఒకచోట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చివర్లో ఒక ఫిల్టర్ ఉంటుంది. ఫీడ్‌బ్యాక్‌ను (తప్పులు దిద్దుకోవడానికి బయటికొచ్చే సిగ్నల్‌లో కొంత వెనక్కి పంపడం) ఆ ఫిల్టర్‌కు ముందే తీసుకునే డిజైన్లలో పై ఫ్రీక్వెన్సీలు స్పీకర్ ఇంపెడెన్స్‌ను బట్టి పెరగడమో తగ్గడమో జరుగుతుంది. ఒకరింట్లో మెరిసే ట్రెబుల్ ఇంకొకరింట్లో మందగించడం ఇందువల్లే, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఫిల్టర్ తర్వాత ఫీడ్‌బ్యాక్ తీసుకునే డిజైన్లకు ఈ జబ్బు లేదు. ఇంజనీర్ బ్రూనో పుట్జేస్ హైపెక్స్ కంపెనీలో రూపొందించిన ఎన్‌కోర్, ఆ తర్వాత ప్యూరిఫై కంపెనీలో వచ్చిన ఐగెన్‌టాక్ట్ మాడ్యూళ్లు ఈ కోవవి. డిస్టార్షన్ కొలతల్లో ఖరీదైన ఏబీలను కూడా వెనక్కి నెడతాయి, 4 ఓమ్‌లను లెక్కచేయవు. మొండి స్పీకర్, తక్కువ చోటు, కరెంటు బిల్లు మీద కన్ను, మూడూ ఉంటే వీటినే చూడండి. ఒక జాగ్రత్త ఉంది. చాలా క్లాస్ డీ యాంపుల్లో స్పీకర్ మైనస్ టెర్మినల్ గ్రౌండ్ కాదు, దానిమీదా సిగ్నల్ ఉంటుంది. రెండు చానెళ్ల మైనస్‌లను కలపడం, వాటిని వేరే పరికరం గ్రౌండ్‌కు తగిలించడం చేయకూడదు. స్పీకర్ వైర్ల నుంచి సిగ్నల్ తీసుకునే సబ్‌వూఫర్ ఉన్నవాళ్లు మాన్యువల్ చూసిన తర్వాతే తగిలించండి.

ట్రాన్సిస్టర్లు ఎప్పుడూ కరెంటు పారిస్తూనే ఉండే క్లాస్ ఏ సంగతి రెండు ముక్కల్లో. ఒక్కో చానెల్‌కు 30 వాట్లు ఇచ్చేది ఊరికే ఆన్‌లో ఉన్నా 120 వాట్లకు తక్కువ తాగదు, పైగా గదిలో చిన్న హీటర్ పెట్టినట్టే. వినడానికి హాయిగా ఉంటుంది. అంత వేడికి తగ్గ లాభం ఉందా అంటే నాకైతే కనిపించలేదు.

వాల్వ్ యాంప్ కథ వేరు. 300బీ వాల్వుతో చేసిన సింగిల్ ఎండెడ్ యాంప్ (అలంతా ఒకే వాల్వు మోసేది) ఇచ్చేది 8 వాట్లకు అటూ ఇటూ. ఈఎల్34, కేటీ88 వాల్వుల జంటలతో చేసిన పుష్‌పుల్ యాంపులు (రెండు వాల్వులు పని పంచుకునేవి) 30, 50 వాట్ల దాకా పోతాయి. పవర్ కంటే ముఖ్యమైన సంగతి అవుట్‌పుట్ ఇంపెడెన్స్, అంటే యాంప్ తన లోపలే పెట్టుకున్న అడ్డు. ట్రాన్సిస్టర్ యాంపులో అది లెక్కలోకి రానంత తక్కువ. వాల్వులో రెండు ఓమ్‌లు ఉండొచ్చు. స్పీకర్ ఇంపెడెన్స్ ఒకచోట 4, ఇంకోచోట 30 అయితే, ఆ రెండు ఓమ్‌ల వల్ల మొదటిచోట మూడున్నర డెసిబెల్స్ పోతుంది, రెండోచోట అర డెసిబెలే పోతుంది. అంటే ఎవరూ తాకకుండానే యాంప్, స్పీకర్ కలిసి ఒక టోన్ కంట్రోల్ తయారుచేసుకున్నాయి. ఆ వెచ్చదనం నచ్చేవాళ్లు చాలామంది, నేను కాదనను. కానీ అదే యాంప్ ఇంకో స్పీకర్‌తో ఇంకోలా పలుకుతుంది కాబట్టి, వేరేవాళ్లింట్లో విని ముచ్చటపడి కొనుక్కోవద్దు. మీ స్పీకర్లతో వినాలి. 90 డెసిబెల్స్ పైన, ఇంపెడెన్స్ గీత పెద్దగా ఎగుడుదిగుడు లేని స్పీకర్లు దానికి ఈడూ జోడూ. ఉన్నట్టుండి గుర్తొచ్చింది, స్పీకర్ తగిలించకుండా వాల్వ్ యాంప్‌లో పాట పెట్టకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

హోమ్ థియేటర్ రిసీవర్‌ను నేను తిట్టినట్టు అనిపించిందేమో. సినిమాలు, సంగీతం రెండూ ఒకే గదిలో అయితే, స్పీకర్లు 8 ఓమ్‌ల సాధు జాతివైతే రిసీవర్ చక్కగా సరిపోతుంది. గది లోపాలను సరిచేసే సాఫ్ట్‌వేర్, సబ్‌వూఫర్‌కు బాస్‌ను విడదీసి పంపే ఏర్పాటు చాలా స్టీరియో యాంపుల్లో ఉండవు. గదిలో బాస్ గుయ్యిమంటుంటే ఏ యాంప్ మార్చినా పోదు, ఆ సాఫ్ట్‌వేర్ మాత్రం కొంత తగ్గిస్తుంది. కొన్ని రిసీవర్లలో "4 ఓమ్‌లు" అనే సెట్టింగ్ ఉంటుంది. అది నొక్కితే యాంప్ బలపడుతుందని అనుకుంటారు. జరిగేది తలకిందులు. వేడి తగ్గడానికి లోపలి వోల్టేజీని దించుతుంది, దానితో పవర్ కూడా తగ్గుతుంది.

పాత యాంపులు కొనే సరదా ఉంటే వాల్యూమ్ తిప్పినప్పుడు గరగర, ఒక చానెల్ వచ్చిపోవడం లాంటివి చూసి భయపడకండి, శుభ్రం చేస్తే పోయే అవకాశం ఎక్కువ. మల్టీమీటర్‌తో స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ వోల్టేజీ చూడండి. పాట లేనప్పుడు 50 మిల్లీవోల్టుల లోపుంటే పర్వాలేదు. వోల్టుల్లో ఉంటే మీ వూఫర్‌కు (బాస్ పలికించే పెద్ద కోన్‌కు) గండం. ముప్ఫై, నలభై ఏళ్ల యాంపుల్లో ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు, వాటిని మార్పించే ఖర్చు కూడా ధరలో కలుపుకోండి.

ఎక్కువ పవర్ ప్రమాదమా, తక్కువ పవరా?

"ఈ స్పీకర్‌కు 30 నుంచి 120 వాట్లు" అని రాసి ఉంటే, 150 వాట్ల యాంప్ పెడితే పేలిపోతుందని భయపడతారు. స్పీకర్‌ను కాల్చేది యాంప్ సామర్థ్యం కాదు, వాల్యూమ్ మీదున్న చెయ్యి. పెద్ద యాంప్‌తో మామూలుగా వింటే స్పీకర్‌కు పోయేది ఆ ఒకటి రెండు వాట్లే. నిండు కుండ తొణకదన్నట్టు, శిఖరం వచ్చినా పెద్ద యాంప్ శాంతంగా దాటేస్తుంది.

చిన్న యాంప్‌ను దాని శక్తికి మించి తోలితే అలల తలలు తెగిపోతాయి, దాన్నే క్లిప్పింగ్ అంటారు. పూర్తిగా క్లిప్ అయిన యాంప్ తన రేటింగ్‌కు రెట్టింపు దాకా పవర్ పంపగలదు. పైగా బాస్ ఇక పెరగడానికి చోటుండదు, ట్రెబుల్ మాత్రం పెరుగుతూ పోతుంది. ట్రెబుల్ పలికించే, కొద్ది వాట్లే తట్టుకునే ట్వీటర్ మీద ఆ భారమంతా పడుతుంది. అందుకే పార్టీల్లో ముందు పోయేది ట్వీటరే. శబ్దం కరుకుగా, గీరినట్టు వినిపిస్తే వెంటనే తగ్గించండి.

దీనికి మినహాయింపులున్నాయి. 1957లో వచ్చిన క్వాడ్ కంపెనీ మొదటి ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్‌కు (ఎక్కువ వోల్టేజీతో పల్చటి పొర కదిలే రకం) వోల్టేజీ ఎక్కువైతే లోపల నిప్పురవ్వలు లేచి ప్యానెల్ దెబ్బతింటుంది. క్వాడ్ వాళ్ల సొంత వాల్వ్ యాంప్ 15 వాట్లే, దానికి అది చాలు. అలాంటి పాత స్పీకర్లున్నవాళ్లు వాట్ల మీద మోజు పెంచుకోకూడదు.

వాల్యూమ్ నాబ్ గురించి కూడా ఒక మాట. "నా యాంప్ సగంలోనే ఇంత గట్టిగా ఉంది, ఇంకా సగం పవర్ ఉంది" అనేవారిని చూశాను. నాబ్ ఎంత తిరిగిందన్నది మిగిలిన పవర్‌ను చెప్పదు. ఇన్‌పుట్ సిగ్నల్ బలంగా ఉంటే నాబ్ మధ్యలో ఉండగానే యాంప్ చేతులెత్తేయొచ్చు.

శబ్దంలో తేడా ఎంత?

ఇక్కడ వాదనలు ఎప్పటికీ తెగవు. నా అభిప్రాయం చెబుతాను. స్పీకర్ అడిగిన కరెంటు ఇస్తూ, క్లిప్ కాకుండా, ఫ్రీక్వెన్సీ గీతను తిన్నగా ఉంచే రెండు ట్రాన్సిస్టర్ యాంపుల మధ్య తేడా చాలా తక్కువ. రెండు స్పీకర్ల మధ్య తేడా ఏనుగంత. ఒకసారి నేను రెండు యాంపులు మార్చి మార్చి విని, ఒకదానిలో గాయకుడి గొంతు దగ్గరగా ఉందనీ, బాస్ గట్టిగా ఉందనీ నమ్మేశాను. తర్వాత మల్టీమీటర్ పెట్టి స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కొలిస్తే, నచ్చిన యాంప్ అర డెసిబెల్ ఎక్కువ ఇస్తోంది. సమానం చేసి మళ్లీ విన్నాను. ఏది ఏదో చెప్పలేకపోయాను. మీరు పోల్చేటప్పుడు టెస్ట్ టోన్ పెట్టి రెండింటి వోల్టేజీ రెండు శాతం లోపు కలిసేలా సరిచేయండి, అంటే 0.2 డెసిబెల్స్ లోపు. అది చేయకపోతే గట్టిగా ఉన్నదే బాగుందనిపిస్తుంది, చెవి అలా తయారైంది.

డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకర్ ఇంపెడెన్స్‌ను యాంప్ వైపు అడ్డుతో భాగించిన అంకె) 500, 1000 అనే ప్రకటనలకూ పడిపోవద్దు. మూడు మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్‌లోనే పోను రాను కలిపి 0.04 ఓమ్ రెసిస్టెన్స్ ఉంటుంది. 8 ఓమ్‌ల స్పీకర్ దగ్గర ఆ ఒక్కదానితోనే డ్యాంపింగ్ ఫ్యాక్టర్ 200 దాటదు. యాభై ఉన్నా చాలు.

వెనక్కి తిప్పి చూడండి

పవర్ సరిపోయిందనుకున్నాక మిగిలింది సాకెట్లు. టీవీ కలపాలంటే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని యాంప్‌కు పంపే సాకెట్) ఉందా? ఉంటే టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ నడుస్తుంది, ఇంట్లో అందరూ వాడతారు. లేకపోతే అది మీ ఒక్కరి బొమ్మే. రికార్డులు వింటారా? ఫోనో ఇన్‌పుట్ కావాలి. రికార్డు ముల్లుండే కార్ట్రిడ్జ్‌లు ఎంఎం (మూవింగ్ మాగ్నెట్), ఎంసీ (మూవింగ్ కాయిల్) అని రెండు రకాలు. ఎంఎం కార్ట్రిడ్జ్ ఇచ్చేది 5 మిల్లీవోల్టులు, సీడీ ప్లేయర్ ఇచ్చేది 2 వోల్టులు, ఎంసీ అయితే ఎంఎంలో పదో వంతే. ఫోనో ఎంఎంకేనా, ఎంసీకి కూడానా అని అడగండి. ఇక ఏదో ఒకరోజు సబ్‌వూఫర్ కొంటారనుకుంటే సబ్ అవుట్ ఉండాలి. ప్రీ అవుట్ (పవర్ దశకు ముందు సిగ్నల్ బయటికిచ్చే సాకెట్) ఉంటే రేపు పెద్ద పవర్ యాంప్ కలుపుకోవచ్చు. లోపలే డీఏసీ (డిజిటల్ సిగ్నల్‌ను అనలాగ్‌గా మార్చేది), స్ట్రీమింగ్ ఉన్నవి సౌకర్యమే గానీ, యాంప్ ఇరవై ఏళ్లు బతుకుతుంది, స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్ ఐదేళ్లకే ముసలిదవుతుంది. నేనైతే విడిగా పెట్టుకుంటాను.

స్పీకర్ ఏ, స్పీకర్ బీ అని రెండు జతల స్విచ్ ఉంటే, రెండూ ఒకేసారి నొక్కినప్పుడు చాలా యాంపుల్లో అవి పక్కపక్కనే కలుస్తాయి. 4 ఓమ్‌ల జతలు రెండు కలిస్తే యాంప్ చూసేది 2 ఓమ్‌లు. బ్రిడ్జ్ మోడ్‌లో (రెండు చానెళ్లు కలిసి ఒకే స్పీకర్‌ను నడపడం) కూడా ఇదే చిక్కు, 8 ఓమ్‌ల స్పీకర్ ఒక్కో సగానికి 4లా కనిపిస్తుంది.

నన్ను అడిగితే

చిన్న గది, రెండు మీటర్ల దూరం, 86 డెసిబెల్స్ బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, మామూలు వాల్యూమ్ అయితే 40, 50 వాట్ల ఏబీ ఇంటిగ్రేటెడ్ చాలు, లేదా మంచి అడాప్టర్‌తో వచ్చిన చిన్న క్లాస్ డీ. మిగిలిన డబ్బు మంచి స్టాండ్లకు పెట్టండి. హాలు పెద్దది, స్పీకర్లు 4 ఓమ్‌ల టవర్లు, గట్టిగా వింటారు అనుకుంటే 4 ఓమ్‌లకు 150 పైన రాసిచ్చినవాటినే చూడండి. ఎన్‌కోర్ తరహా క్లాస్ డీ ఇక్కడ ఖర్చుకు తగ్గ పని చేస్తుంది. 83, 84 డెసిబెల్స్ దగ్గరుండే బుల్లి స్పీకర్లను పెద్ద గదిలో పెట్టి గట్టిగా వినాలనుకుంటే యాంప్ కంటే ముందు సబ్‌వూఫర్ కలిపి, 80 హెర్ట్జ్ కింది బాస్‌ను స్పీకర్ల నుంచి తప్పించండి. యాంప్ మీదా, చిన్న వూఫర్ మీదా బరువు ఒక్కసారిగా దిగుతుంది. 92 పైన సెన్సిటివిటీ ఉండి, ఇంపెడెన్స్ సాఫీగా ఉన్న స్పీకర్లయితే మీ ఇష్టం, వాల్వుల ముచ్చట కూడా తీర్చుకోవచ్చు. ఇంకా స్పీకర్లే కొననివాళ్లయితే, లోపలే యాంపున్న యాక్టివ్ స్పీకర్లను ఒకసారి వినండి. ఈ వ్యాసంలో నేను చెప్పిన తలనొప్పి చాలావరకు వాటిని తయారుచేసినవాళ్లే పడి ఉంటారు.

ఏది తెచ్చుకున్నా, తిరిగి ఇచ్చే గడువు ముగిసేలోపు మీ దగ్గరున్న వాటిలో బాస్ ఎక్కువున్న, గట్టిగా రికార్డ్ చేసిన పాట ఒకటి తీసుకుని, మీరు ఎప్పుడూ వినేదానికంటే కాస్త ఎక్కువ వాల్యూమ్‌లో అరగంట నడపండి. పైన చేయి పెట్టి చూడండి. ఏబీ యాంప్ అయితే వెచ్చగా ఉండటం సహజం, చేయి ఆనించలేనంత వేడైతే గాలి ఆడటం లేదని అర్థం. రిలే చప్పుడు వినిపించి పాట ఆగిపోతే అట్టపెట్టె పారేయకుండా ఉంచుకున్నారో లేదో చూసుకోండి.